గద్ద కాదు, డేగ

ఫిబ్రవరి 11

ఇవాళ ఒకరి పై దవడ పాడుచేశాను. మైనంలో అమర్చిన ముందుపళ్ళు రెండూ తోపులాటలో ఉన్నట్టు ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పక్క బల్ల అక్క చూసి, "ఈ సెట్టు పెట్టుకుని ఆయన నవ్వాడంటే పెళ్ళాం పుట్టింటికి పోతుంది" అంది. కరిగించి మళ్ళీ మొదలుపెట్టాను.

తప్పు నాది కాదు, ఎదురు భవనానిది. దాని పైఅంతస్తు గట్టుమీద, పెద్ద అక్షరాల బోర్డు వెనక ఒక పక్షి కూర్చుంది. కాకి కాదు, పావురం అంతకన్నా కాదు. వీపు పలక రంగు, ఛాతీమీద అడ్డచారలు, కళ్ళ కింద మీసం దిద్దినట్టు నల్లటి మచ్చలు. అది తల తిప్పేసరికి నన్నే చూసినట్టనిపించి, చేతిలో మైనం కత్తి ఆగిపోయింది.

ఈ కట్టుడుపళ్ళ ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల నాకిచ్చి పద్దెనిమిదేళ్ళు. పంటి రంగు పోల్చాలంటే పగటి వెలుతురు కావాలి. ట్యూబులైటు కింద అందరివీ పాచిపళ్ళే. ఇన్నేళ్ళూ ఆకాశాన్ని పళ్ళ రంగు తేల్చుకోడానికి వాడుకున్నానే తప్ప, దానివైపు చూసిన పాపాన పోలేదు.

ఇది పాత పనుల రిజిస్టరు. సగం ఖాళీగా ఉంటే తీసుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళను. ప్లాస్టరు దవడల సొరుగులో అడుగున పెడతాను. ఆ సొరుగు ఎవరూ తెరవరు. తెరిచినా జడుసుకుని మూసేస్తారు.

ఫిబ్రవరి 16

మావారు స్టేడియంలో మ్యాచీలు చూడ్డానికి కొనుక్కున్న బైనాక్యులర్ చెప్పకుండా తెచ్చాను. ఆ పక్షులు రెండున్నాయి. పెద్దది ఆడది, చిన్నది మగది. ఆడదానికి మేడమ్ అని పేరు పెట్టాను, మగదానికి గుమాస్తా.

పదిగంటల వేళ గుమాస్తా వేట చూశాను. గట్టు మీంచి లేచి, తొందరేమీ లేనట్టు చుట్లు తిరుగుతూ పైకి, ఇంకా పైకి, చుక్కంతయ్యేదాకా వెళ్ళింది. కింద వీధి పావురాల గుంపొకటి బస్టాండు వైపు పోతోంది. చుక్క రెక్కలు ముడుచుకుంది. ఆ తర్వాత నేను చూడలేకపోయాను, కన్ను అందుకోలేకపోయింది. గుంపు రెండుగా చీలడం, మధ్యలో గుప్పెడు ఈకలు గాల్లో నిలబడిపోవడం మాత్రం చూశాను. కింద రోడ్డుమీద ఒక్కడూ తలెత్తలేదు. వందమంది నడుస్తున్నారు, వాళ్ళ నెత్తిమీద ఒక ప్రాణం పోయింది, ఒక ఇంటికి భోజనం వచ్చింది.

నా గుండె ఎంత కొట్టుకుందంటే అక్క చెయ్యి పట్టుకుని, "బీపీ చూపించుకో" అంది.

ఫిబ్రవరి 17

పక్షుల పుస్తకంలో పేరు దొరికింది. భైరి డేగ.

ఫిబ్రవరి 22

ఆదివారం. ల్యాబ్ లేదు. రిజిస్టరు ఇక్కడే ఉంటుంది కాబట్టి ఆదివారం సంగతులు సోమవారం వచ్చి రాస్తున్నాను.

పొద్దున మామూలే. డాబామీద మామయ్య, బాబాయి. బాబాయంటే మామయ్య నలభై ఏళ్ళ స్నేహితుడు, మూడు వీధుల అవతల గడియారాలు బాగుచేసేవాడు. కొట్టు మూసేసి రెండేళ్ళయింది. ఇద్దరికీ పావురాల పిచ్చి. మామయ్యవి ఇరవైరెండు, కాళ్ళకి పచ్చ ఉంగరాలు. బాబాయివి పదహారు, పసుపు ఉంగరాలు. పదింటికి ఎవరి డాబామీంచి వాళ్ళు ఎగరేస్తారు. పావుగంటకి ఈల వేస్తే దిగుతాయి. ఆదివారం మాత్రం బాబాయి తనవి ఎగరేసి దింపుకుని, ఇక్కడికొచ్చి మామయ్యవి చూస్తూ కూర్చుంటాడు. అత్తయ్య పోయాక మామయ్య ఆర్నెల్లు గదిలోంచి బయటికి రాలేదు. ఆయన్ని మెట్లెక్కించింది బాబాయే. బుట్టలో నాలుగు పిల్లల్ని తెచ్చి, "వీటికి నేను మేత వెయ్యను, చస్తే వాటి ఉసురు నీకే" అని పెట్టేసి పోయాడు. మావారు అంటూ ఉంటారు, మా నాన్నని బతికించింది డాక్టరు కాదు, గడియారాల రిపేరు అని.

వాళ్ళ మధ్య ఒక కట్టుబాటుంది. ఒకరి పిట్ట రెండోవాళ్ళ గూట్లో దిగితే అదే రోజు తిరిగొచ్చేయాలి. అడగకూడదు. "అడిగామంటే అనుమానించినట్టు" అంటారు మామయ్య. నలభై ఏళ్ళలో ఎవరూ ఎవర్నీ అడగలేదట.

బాబాయి టీలో చక్కెర వేసుకుని, కలుపుకుని, మళ్ళీ వేసుకున్నాడు. ఆయనకి షుగరు లేదు కాబట్టి ఊరుకున్నాను.

మార్చి 4

గుమాస్తా తెల్ల పావురం తెచ్చింది. మేడమ్ గట్టుమీద పెట్టుకుని ఈకలు పీకుతుంటే కాలి దగ్గర పచ్చగా ఏదో మెరిసింది. ఆకు కావచ్చు.

మార్చి 5

మామయ్య భోజనం దగ్గర అన్నారు. "తెల్లది రాలేదమ్మాయ్ నిన్న. తోకమీద మచ్చ ఉంటుందే, అది."

"వస్తుందిలెండి మామయ్యా. ఎక్కడికి పోతుంది" అన్నాను. కూర బాగుందని కూడా అన్నాను. కూర వండింది నేనే.

మార్చి 9

మధ్యాహ్నం కిందికెళ్ళాను. ఎదురు భవనం గోడ వారన, బోర్డుకి సరిగ్గా కింద, ఒక పావురం కాలు పడి ఉంది. ఉంగరం పచ్చది. తీసి రుమాల్లో చుట్టుకుని పైకొచ్చాను. పళ్ళ సెట్లు పంపే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేశాను.

ఇవాళ చెప్పాలి.

మార్చి 10

చెప్పలేదు. మావారు ఇంట్లో ఉన్నారు.

మార్చి 16

మేడమ్ గులకరాళ్ళ మధ్య నుంచి లేచినప్పుడు కనబడ్డాయి. మూడు గుడ్లు. ఇటుక రంగువి.

అక్కకి చూపించాను. ఆమె ఒక్క క్షణం చూసి బైనాక్యులర్ ఇచ్చేసి, "ఎదురు మేనేజరుకి తెలిస్తే ఊడ్పించేస్తాడు. పోయినేడు తేనెపట్టుకి మందు కొట్టించాడు చూశావుగా" అంది. చూశాను. రెండు రోజులు చచ్చిన తేనెటీగలు మా కిటికీ అంచుమీద పడి ఉన్నాయి.

ఇప్పుడు మామయ్యకి చెప్తే ఏం చేస్తారు? తెల్లారేసరికి ఆ భవనం మెట్లమీద ఉంటారు. చేతికర్ర పట్టుకుని మేనేజరు గదిలో కూర్చుంటారు. గుడ్లు బకెట్లోకి పోతాయి. ఆయన పావురాలు ఇరవైరెండు, ఇవి మూడే. రెండున్నర నెలలు ఓపిక పడితే పిల్లలు ఎగిరిపోతాయి. పావురాలు మళ్ళీ పెడతాయి. పావురాలకి పెట్టడం తప్ప పనేముంది?

రాసింది చదువుకుంటే సబబుగానే ఉంది.

మార్చి 27

డబ్బాలో మూడు ఉంగరాలు.

ఏప్రిల్ 1

రాత్రి భోజనాల దగ్గర మామయ్య ఉన్నట్టుండి అడిగారు. "అమ్మాయ్, నీ కిటికీలోంచి ఆకాశమంతా కనబడుతుందంటావు కదా. గద్ద ఏమైనా తిరుగుతోందా?"

ముద్ద నోట్లో ఉంది. నమలడానికి ఎంతసేపు పట్టాలో అంతసేపూ పట్టించాను. పళ్ళు చేసేదాన్ని కదా, నమలడం గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

"గద్దలేం లేవు మామయ్యా."

అబద్ధం చెప్పలేదు. గద్ద వేరు, డేగ వేరు. గద్ద చచ్చినవి ఏరుకుంటుంది, చెత్తకుప్పలమీద తిరుగుతుంది. డేగ ఎగిరేదాన్ని ఎగురుతుండగానే కొడుతుంది. పుస్తకంలో రెండూ వేరే పేజీల్లో ఉన్నాయి. ఆయన గద్ద గురించి అడిగారు, నేను గద్ద గురించి చెప్పాను.

"మరైతే ఆరు పిట్టలు ఏమైనట్టు?" అన్నారాయన.

మావారు నవ్వారు. "బాబాయి గూట్లో చూడు నాన్నా, నీకన్నా ఆయన మేత బాగా వేస్తాడు."

వేళాకోళానికే అన్నారు. మామయ్య నవ్వలేదు.

ఏప్రిల్ 7

కింద గోడవారన ఇవాళ దొరికిన ఉంగరం పసుపుది.

అంటే బాబాయివీ పోతున్నాయి. ఆయన ఎవరితోనూ అన్నట్టు లేదు. డబ్బా తెరిచి, పసుపుదాన్ని పచ్చవాటి పక్కన వేసి, మూత గట్టిగా నొక్కి మూశాను. ఇది ఒక్కటి తీసుకెళ్ళి మామయ్య చేతిలో పెడితే చాలు, ఆయన మనసులో ఉన్నది పోతుంది. దానివెనక మిగతా అయిదూ చూపించాలి కదా. ఎప్పుడు దొరికాయంటే ఏం చెప్పను?

ఇంకో పదిరోజుల్లో గుడ్లు పిల్లలవుతాయి.

ఏప్రిల్ 12

ఆదివారం అయినా తాళం అడిగి తీసుకుని ల్యాబ్‌కి వచ్చాను. ఇంట్లో కూర్చోలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

టీ పట్టుకుని డాబా మెట్లెక్కుతున్నాను. పావురాలు పైన తిరుగుతున్నాయి. బాబాయి లెక్కపెడుతూ, "ఏరా, గుంపు పల్చబడిందే" అన్నాడు. మామూలుగానే అన్నాడు.

"పల్చబడదా మరి. ఎక్కడో దిగుతున్నాయి" అన్నారు మామయ్య.

"ఎక్కడ?"

"దిగిన చోట."

బాబాయి గుంపుమీంచి చూపు దించాడు. "నన్నడుగుతున్నావా?"

"అడగట్లేదు. మనం అడగం కదా."

"అడిగినట్టే ఉందిరా."

"గద్ద లేదట. మా అమ్మాయి చెప్పింది. ఆకాశంలో దొంగ లేకపోతే నేలమీదే కదా ఉండాలి." మామయ్య గొంతు అంత మెల్లగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అరిచి ఉంటే బాగుండేది.

బాబాయి నావైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు. సాయం అడుగుతున్నవాడిలా ఉన్నాడు. "గద్ద లేదా తల్లీ?"

పళ్ళెంలో రెండు గ్లాసులు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. గద్ద, డేగ అన్న తేడా ఆ నిమిషాన నాకేమీ అక్కరకి రాలేదు. ఆయన అడిగింది పక్షి పేరు కాదని నాకు బాగా తెలుసు.

"నాకైతే కనబడలేదు బాబాయ్."

ఆయన గ్లాసు తీసుకుని, నిలబడే, చివరిదాకా తాగాడు. గ్లాసు పళ్ళెంలో జాగ్రత్తగా పెట్టాడు. "సరేరా" అని మెట్లు దిగాడు. మధ్యలో ఒకచోట ఆగి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి చూసి, మళ్ళీ దిగాడు.

మామయ్య ఆ తర్వాత ఈల వేశారు. నోరెండిపోయిందేమో, చప్పుడు రాలేదు.

ఏప్రిల్ 13

వెళ్ళి చెప్పేయాలి. ఇవాళ పని ఎక్కువ. నాలుగు సెట్లు.

ఏప్రిల్ 15

రేపు.

ఏప్రిల్ 19

ఆటోలో రెండు బుట్టలొచ్చాయి. పదమూడు పావురాలు, అన్నీ పసుపు ఉంగరాలవే. ఆయనకి మిగిలినవన్నీ. బుట్టకి ఒక చీటీ కట్టి ఉంది. బాబాయి చేతిరాత, గడియారం ముళ్ళంత సన్నటి అక్షరాలు. "వీటిల్లో నీవి ఏవో చూసుకో. నాకు గుర్తుండట్లేదు."

మామయ్య చదివి చీటీ నలిపేశారు. "ఎగతాళి! చూడమ్మాయ్, చేసిందంతా చేసి పైగా ఎగతాళి. గుర్తుండట్లేదట!"

నాక్కూడా ఎగతాళే అనిపించింది. అనిపించినందుకు కొంచెం తేలికపడ్డాను కూడా. ఎదుటివాడు వెటకారం చేస్తే మన తప్పు సగం తగ్గినట్టుంటుంది.

గట్టుమీద తెల్లటి దూదిలాంటి తలలు మూడు.

ఏప్రిల్ 24

మామయ్య ఆ పదమూడింటినీ వదిలేశారు. అవి నేరుగా వాళ్ళ డాబాకి పోయాయి. అక్కడ ఎవరూ లేరు. బాబాయిని కూతురు తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది, ఊరి చివర, బస్సులో గంట. గూడు తలుపు ఊడదీసి ఉందట. మూడు రోజులుగా అవి పిట్టగోడమీద వరసగా కూర్చునే ఉన్నాయని పాలాయన చెప్పాడు.

మే 8

పిల్లలకి ఈకలు వస్తున్నాయి. దూది ఊడుతోంది. నడినెత్తిన మాత్రం మిగిలిపోయి, ముగ్గురూ నిద్రలేచిన ముసలి గుమాస్తాల్లా ఉన్నారు. గుమాస్తా ఇవాళ నాలుగుసార్లు వేటకి వెళ్ళింది. ఒకసారి గాల్లోనే పావురాన్ని వదిలింది, మేడమ్ వెల్లకిలా తిరిగి అందుకుంది. మొదట్లో అయితే లేచి నిలబడి చూసేదాన్ని. ఇవాళ ఉంగరం ఏ రంగో వెతుక్కున్నాను.

మామయ్య పావురాలు పదకొండు. ఆయనిప్పుడు వాటిని రోజూ ఎగరేయట్లేదు. మనిషి మళ్ళీ గదిలోనే.

మే 20

బాబాయి కూతురి నంబరు మావారి ఫోన్లోంచి రాసుకున్నాను. ఇదుగో ఈ పేజీ పైన ఉంది. చెయ్యలేదు.

మే 31

ఎగిరాయి. మూడూ ఎగిరాయి. ఆదివారం తాళం తీసుకుని వచ్చింది దీనికోసమే. మొదటిది గట్టు చివరిదాకా నడిచి, కిందికి చూసి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళి, తోసేసినట్టు పడింది. పడుతూ రెక్కలు విప్పింది. నేను అరిచాను. ఖాళీ ల్యాబ్‌లో, నలభైకి పైగా ప్లాస్టరు దవడల మధ్య, చప్పట్లు కొట్టాను.

తర్వాత కూర్చున్నాను. పిల్లలు ఎగిరిపోయాయి కదా, ఇక గూటికి భయం లేదు కదా, ఇప్పుడు లేచి వెళ్ళి చెప్పు, అనుకున్నాను. లేచి బల్ల తుడవడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది, గూటికోసం ఊరుకున్నది మొదటి పదిరోజులే. మిగతాదంతా నాకోసమే ఊరుకున్నాను.

జూన్ 3

బాబాయి కూతురు తనే ఫోన్ చేసింది. ఆవిడ కోపంగా మాట్లాడి ఉంటే తట్టుకునేదాన్ని.

"వదినా, ఒక మాటడుగుతాను, ఏమీ అనుకోకండి. నాన్న మా ఇంట్లో బీరువాలు వెతుకుతున్నారు. మంచాల కింద కూడా. ఏంటి నాన్నా అంటే, 'వాడి పచ్చ ఉంగరాల పిట్టలు నేనే పట్టి ఎక్కడో పెట్టి మర్చిపోయాను, వెతికి ఇచ్చేయాలి' అంటున్నారు. నిజంగా ఆయన తీశారా వదినా? తీస్తే ఎన్నో చెప్పండి, మావారు ఎక్కడైనా కొనుక్కొచ్చి ఇస్తారు."

మతిమరుపు చలికాలంలోనే మొదలైందట. గడియారానికి కీ ఇచ్చి, ఇచ్చానా లేదా అని మళ్ళీ ఇచ్చేవారట. అయితే మీ ఇంట్లో ఆ మాట పడ్డాకే మనిషి తనని తాను నమ్మడం మానేశారు, అంది. ఆ చీటీ ఎగతాళి కాదు. గుర్తుండట్లేదంటే గుర్తుండట్లేదనే.

నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. "ఆయన తియ్యలేదు" అన్నానని మాత్రం తెలుసు.

మార్చి నాలుగో తేదీ పేజీ తీసి చూశాను. ఆకు కావచ్చు, అని రాసుకున్నాను. ఇది నా పుస్తకం, నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవర్ని మోసం చేద్దామని రాశానో.

జూన్ 4

మామయ్యకి చెప్పాను.

డబ్బాలోంచి ఒక్క ఉంగరం తీసుకెళ్ళాను. ఒక్కటే. మిగతా పదిహేనూ సొరుగులోనే వదిలేశాను.

"నిన్న మా ఎదురు భవనం కింద దొరికింది మామయ్యా. పైన డేగ ఉంది. పావురాల్ని అదే పడుతోంది. నిన్నే చూశాను."

ఆయన ఉంగరాన్ని వేలిమీద అటూ ఇటూ దొర్లించారు. కర్ర తీసుకుంటారనుకున్నాను, చెప్పుల కోసం చూస్తారనుకున్నాను. ఆయన గొంతులో కోపమే లేదు.

"డేగా? గూడు పెట్టిందేమో. పెడితే ఏముందమ్మాయ్, రెండు నెలలు మన పిట్టల్ని ఎగరెయ్యం. అంతే. అది వేరేవి చూసుకుని, పిల్లల్ని సాకుకుని పోతుంది. నేనూ వాడూ కుర్రాళ్ళప్పుడు రెండుసార్లు అలా గూళ్ళు మూశాం. దాన్నెవడు ఏం చేస్తాడు? దాని కూడు అది తింటోంది."

రెండు నెలలు ఎగరెయ్యం. అంతే.

అడిగితే చెప్పేవారు. మార్చిలో, ఒక్క మాట, అన్నం తింటూ. ఆయనకి కర్ర ఇచ్చి మేనేజరు గదిలో కూర్చోబెట్టింది నా ఊహే. ఆయనెక్కడికీ వెళ్ళేవారు కాదు.

"నిన్న చూశావా?" అన్నారు మళ్ళీ.

"నిన్నే."

"ముందు కనబడి ఉంటే..." అని ఆపేసి, మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నారు. "దొంగన్నాను వాణ్ణి. ఆ మాటే అనలేదు గానీ, అన్నట్టే."

జూన్ 7

ఆదివారం. బాబాయి కూతురి మాటలు మామయ్యకి చెప్పి, ఇద్దరం బస్సులో వెళ్ళాం.

బాబాయి వరండాలో కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు. మామయ్యని చూసి లేవబోయి, "ఇంకా దొరకలేదురా, వెతుకుతున్నాను" అన్నాడు. మామయ్య ఆయన కాళ్ళ దగ్గరే కూలబడ్డారు. వాళ్ళిద్దర్నీ అలా చూడటం నావల్ల కాలేదు, గోడకున్న కేలండరు చూస్తూ నిలబడ్డాను.

చెప్పడం నా వంతే అయింది. డేగ, గూడు, ఉంగరం. వింటూ వింటూ ఆయన వెన్ను నిటారుగా అయింది. "అయితే నేను తియ్యలేదా?"

"లేదు బాబాయ్."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా తియ్యలేదు. మీవీ మూడు పోయాయి."

ఆయన నవ్వాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వాడు. కూతుర్ని పిలిచి, "విన్నావా, నేను తియ్యలేదంట" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పుడు చూశావు తల్లీ?"

పక్కనే మామయ్య. గుమ్మంలో కూతురు. "మొన్న బుధవారం."

"చూడగానే వచ్చి చెప్పావు. బంగారు తల్లివి. వేరేవాళ్ళయితే మనకెందుకని ఊరుకుంటారు."

ఆ చెయ్యి ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. బస్సులో మామయ్య కూడా అదే అన్నారు. కిటికీ వైపు కూర్చున్నాను.

జూన్ 14

మళ్ళీ వెళ్ళాం. మామయ్య జేబులో బాబాయికోసం పసుపు ఉంగరాలు, కొత్తవి. పావురాల జత ఒకటి తెచ్చిస్తామని చెబుదామని.

బాబాయి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మామయ్య చెవి దగ్గరకొచ్చి, "ఇంకా దొరకలేదురా. నన్ను మన్నించు. ఇంటినిండా వెతికాను" అన్నాడు.

కూతురు నావైపు చూసి తలూపింది. మంగళవారం వరకూ గుర్తుందట. బుధవారం పొద్దున లేచి మళ్ళీ బీరువా తెరిచారట. కొత్తగా చెప్పింది ఏదీ నిలవట్లేదు, పాతదే గట్టిగా పట్టుకుంది, అంది. ఏప్రిల్లో అన్న మాట నిలిచింది. ఏప్రిల్లో నిజం చెప్పి ఉంటే నిజమే నిలిచేదేమో.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు. ఎప్పుడు చూశావు తల్లీ అన్నాడు. బుధవారం అన్నాను. బంగారు తల్లివి అన్నాడు.

మామయ్య కొత్త ఉంగరాలు జేబులోనే తిరిగి తెచ్చారు. ఇంటికొచ్చాక, "నేనింక వెళ్ళలేనమ్మాయ్. వాడు ప్రతిసారీ నన్ను మన్నించమంటుంటే చూడలేను" అన్నారు.

జూన్ 20

మామయ్యకి అంతా చెప్పాను. డబ్బా మొత్తం ఆయన ముందు బోర్లించాను. పచ్చవి పదమూడు, ముందు ఇచ్చిందాంతో కలిపి. పసుపువి మూడు. మార్చి నాలుగు నుంచి అని చెప్పాను. ఆయన ఉంగరాలు ఒక్కొక్కటే దండలా దారానికి ఎక్కించారు. అన్నం వడ్డిస్తే, "నేను పెట్టుకుంటాలే" అన్నారు. పన్నెండేళ్ళలో ఆ మాట ఆయన నాతో అనలేదు.

జూన్ 21

ఒక్కదాన్నే వెళ్ళాను. కూతురు కొళాయి దగ్గర ఉంది. వరండాలో మేమిద్దరమే.

డేగ, గూడు, ఉంగరాలు మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వాడు. "ఎప్పుడు చూశావు తల్లీ?"

"మార్చి నాలుగో తేదీ, బాబాయ్."

ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. గడియారాలవాడు కదా, కాలం లెక్క మాత్రం పోలేదు. "అంటే వాడు నన్నడిగిన రోజుకి..."

"నాకు తెలుసు."

"నేను నిన్నడిగాను కదా ఆ రోజు. డాబామీద."

"అడిగారు."

ఆ రోజు ఆయనకి గుర్తుంది. అన్నీ పోతున్నాయి గానీ ఆ రోజు మాత్రం ఉంది.

తిడితే బాగుండుననుకున్నాను. "అంత మంచి పిల్లవి, ఎందుకమ్మా?" అన్నాడు. గుడ్లున్నాయి బాబాయ్ అని అనబోయి మానేశాను. ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. బస్సు ఎక్కేదాకా నా వీపుకి ఆ గోడ తగులుతూనే ఉంది.

జూన్ 25

గట్టు ఖాళీ. నాలుగు రోజులుగా ఒక్కటీ రాలేదు. కింది దవడలు ఆరు పూర్తిచేశాను. రంగు ఒక్కటీ తప్పలేదు.

జూన్ 28

గేటు తీయగానే బాబాయి చూసి, మొహమంతా నవ్వయ్యాడు. "రా తల్లీ, రా. ఎన్నాళ్ళయింది నిన్ను చూసి! మామయ్య బాగున్నాడా?"

పోయిన ఆదివారం లేదు ఆయనకి. గోడ లేదు. కుర్చీ నావైపే ఉంది.

కూతురు టీ తేవడానికి లోపలికి వెళ్ళగానే, దగ్గరకి జరిగి, మెల్లగా అన్నాడు. "ఒక మాట. మీ మామయ్య పిట్టలు నేనే తీసి ఎక్కడో పెట్టినట్టున్నాను. దొరకట్లేదు. నువ్వు వాడికి కాస్త నచ్చజెప్పవూ?"

బస్సులో వస్తూ అనుకున్నాను. బుధవారం అంటే చాలు. నవ్వుతాడు, చెయ్యి పట్టుకుంటాడు, బంగారు తల్లివి అంటాడు. ప్రతి ఆదివారం అంటాడు. ఆయనకి తేడా ఏముంది, మంగళవారానికి ఎలాగూ పోతుంది. నిజం చెప్తే మాత్రం ప్రతి వారం ఒకసారి ఆయన మనసు విరగాలి, ప్రతి వారం నేను చూడాలి. ఆయన్ని బాధపెట్టకుండా ఉండటమే న్యాయం కదా అని కూడా అనుకున్నాను. అలా ఆలోచించడం నాకెంత బాగా వచ్చో ఈ రిజిస్టరు చదివితే తెలుస్తుంది.

"మీరు తియ్యలేదు బాబాయ్. డేగ తీసుకెళ్ళింది. నేను చూశాను."

ఆయన వెన్ను నిటారుగా అయింది. నవ్వొచ్చింది, కళ్ళు నిండాయి. నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడు చూశావు తల్లీ, అన్నాడు.

ఆ చేతిని ఇంకొక్క క్షణం పట్టుకోనిచ్చి, చెప్పాను.